ఆక్సుఫర్డులో గ్రీకు తత్త్వ పఠనము

క్రీ. పూ. 399వ సంవత్సరమున ఏథెన్సు నగర న్యాయస్థానము డెబ్బదియేండ్ల వృద్ధు నొకనికి మరణశిక్ష విధించెను. ఆయన పేరు సోక్రటీసు. నగరము కొలుచు దేవతలను ఆయన కొలువడనియు, యువకులను చెడగొట్టుచున్నాడనియు ఆయనపై నేరము మోపబడెను. నిజమునకు ఆయన నిత్యము చేయుచుండిన పని యొక్కటే. అంగడివీధిలో కనబడినవారిని నిలిపి, ధైర్యమనగా నేమి, న్యాయమనగా నేమి అని అడుగుచుండెను. వారు చెప్పిన సమాధానముపై మరియొక ప్రశ్న వేయుచుండెను. తమకు బాగుగా తెలియునని తలచిన విషయము తమకు తెలియదని తుదకు వారికే తేటపడుచుండెను. ఇట్లు నలుగురి యెదుట తేటపడుట అందరికిని రుచించునది కాదు.

సోక్రటీసు గ్రంథమేదియు వ్రాసి యుంచలేదు. ఆయన మరణించునాటికి సుమారు ఇరువదియెనిమిదేండ్ల ప్రాయమున నున్న ప్లేటో, గురువుగారి ప్రశ్నోత్తరముల రీతిని సంభాషణల రూపమున గ్రంథస్థము చేసెను. క్రీ. పూ. 387 ప్రాంతమున ఏథెన్సు పొలిమేరలో ఆయన అకాడమీ అను విద్యాస్థానమును నెలకొల్పెను. క్రీ. పూ. 367లో పదునేడేండ్ల యువకు డొకడు ఉత్తర దిక్కునుండి వచ్చి అందు చేరి, ఇరువది సంవత్సరములు అచ్చటనే యుండెను. అతడే అరిస్టాటిల్. మనుష్యుడు ఎట్లు బ్రతుకవలెను, పట్టణమును ఎట్లు పాలింపవలెను అను రెండు ప్రశ్నలను ఈ మువ్వురును వేరు వేరు ప్రశ్నలుగా చూడలేదు. చెడ్డ పట్టణమున మంచి జీవితము గడుపుట ఎంత కష్టమో సోక్రటీసు మరణమే వారికి నేర్పినది.

వీరి గ్రంథములను నేడు ప్రపంచమునందలి అనేక విశ్వవిద్యాలయములలో చదువుచున్నారు. అందు ఇంగ్లండులోని ఆక్సుఫర్డు పద్ధతి చిరకాలమునుండి ప్రసిద్ధి గన్నది. ఆ పాఠ్యక్రమమునకు లాటిను భాషలో ‘లిటరే హ్యుమానియోరెస్’ అని పేరు. అది నాలుగు సంవత్సరముల చదువు. సంవత్సరమునకు మూడు టర్ములు. ఒక్కొక్క టర్ము ఎనిమిది వారములు. మొదటి యైదు టర్ములును గ్రీకు, లాటిను భాషలకును కావ్యములకును చెల్లును. అటుపిమ్మట నొక పెద్ద పరీక్ష. అందు గట్టెక్కినవారు తక్కిన యేడు టర్ములలో తత్త్వశాస్త్రము, ప్రాచీన చరిత్ర మొదలైనవానిని పఠింతురు. ఈ రెండవ భాగమునకే ‘గ్రేట్సు’ అని వాడుక పేరు.

విద్యార్థులు ప్లేటోను గ్రీకుభాషలోనే చదువుదురు. గ్రీకు లిపిలో అక్షరములు ఇరువదినాలుగే కావున అవి కొలది దినములలో వచ్చును. క్రియారూపములు మాత్రము అంత సులభముగా లొంగవు. తెలియని మాట తగిలినప్పుడెల్ల విద్యార్థి 1843లో వెలువడిన లిడెల్, స్కాట్ పండితుల బృహన్నిఘంటువును తెరచును. ఆ లిడెల్ కుమార్తె పేరు ఆలిస్. వారి కళాశాలలోనే గణితము బోధించుచుండిన యొక ఉపాధ్యాయుడు ఆ బాలికకు చెప్పిన కథయే 1865లో అచ్చై, ‘ఆలిస్ ఇన్ వండర్లాండ్’ అను పేర లోకమంతట పిల్లలకు పరిచితమైనది. నిఘంటువు ఆమె పేరును లోకమునకు తెలుపలేకపోయినది గాని, కథ తెలిపినది.

ప్లేటో గ్రంథములకు మరియొక విశేషము కలదు. 1578లో ఆన్రీ ఎస్తియెన్ అను ఫ్రెంచి పండితుడు ప్లేటో గ్రంథములను ముద్రించెను. ఆ ప్రతిలోని పుటల అంకెలనే నేటికిని వాడుచున్నారు. ‘రిపబ్లిక్’ అను గ్రంథము ఆ లెక్కన 327వ పుటలో మొదలగును. ఏ దేశమున అచ్చైనను, ఏ భాషలోనికి మార్చినను, పుటల అంచున ఆ అంకెలే కనబడును. ప్లేటో ఇట్లు చెప్పెనని ఎవరైనను అన్నచో, ఎచ్చట చెప్పెనని రెండవవాడు వెంటనే అడుగగలడు. అరిస్టాటిల్ గ్రంథములకు 1831నాటి బెర్లిను ప్రతి అంకెలు ఇట్లే ప్రమాణము.

ఉపన్యాసములు ఎచ్చటనైనను ఉండును. ఆక్సుఫర్డు చదువునకు ప్రాణము ట్యుటోరియల్ అను పద్ధతి. వారమున కొకమారు విద్యార్థి యొక్కడో, ఇద్దరో ట్యూటరు గదికి పోవుదురు. ఆయన ఇచ్చిన ప్రశ్నపై వారమంతయు శ్రమించి వ్రాసిన వ్యాసమును విద్యార్థి పైకి చదువుట అచ్చటి పాతకాలపు ఆచారము. చదువుట ముగియగానే ప్రశ్నలు ఆరంభమగును. ట్యూటరు సమాధానము చెప్పుటకు కూర్చుండలేదు. విద్యార్థి చెప్పిన సమాధానము నిలుచునో, కూలునో పరీక్షించుటకు కూర్చుండెను. ఏథెన్సు అంగడివీధిలో జరిగినదే ఇచ్చట నాలుగు గోడల నడుమ జరుగుచున్నది. తేడా యేమన, ఇచ్చట ఓడిపోయినవాడు గురువుపై వ్యాజ్యము వేయడు.

‘రిపబ్లిక్’ మొదటి భాగమునే తీసికొందము. సోక్రటీసు రేవుపట్టణమున జరిగిన దేవతోత్సవమును చూచి మరలి వచ్చుచుండగా స్నేహితులు ఆయనను తమ యింటికి పిలుచుకొనిపోవుదురు. అచ్చట సెఫలసు అను ముసలి వర్తకునితో మాట కలియును. సత్యము పలుకుట, తీసికొన్నది తిరిగి యిచ్చుట, ఇదియే గదా న్యాయము అను అభిప్రాయము ఆ సంభాషణలో పైకి వచ్చును. వినుటకు ఇది సరిగనే యున్నది. అప్పుడు సోక్రటీసు అడుగును: ఒక స్నేహితుడు బుద్ధి నిలుకడగా నున్నప్పుడు నీయొద్ద ఆయుధములు దాచి, పిచ్చియెత్తిన పిదప వచ్చి అడిగినచో, తిరిగి యిచ్చుట న్యాయమా?

ఈ దెబ్బకు పాత నిర్వచనము పడిపోవును. చురుకైన విద్యార్థి తన వ్యాసమున దానిని సవరించి, స్నేహితులకు మేలును, శత్రువులకు కీడును చేయుటయే న్యాయమని వ్రాయవచ్చును. ట్యూటరు చిరునవ్వుతో తరువాతి పుట తిప్పమనును. సెఫలసు కుమారుడు ఆ మాటనే అచ్చట చెప్పి ఓడిపోయి యున్నాడు. స్నేహితుడని నమ్మినవాడు దుర్మార్గుడైనచో నేమి? ఎవనికైనను కీడు చేసి, వానిని మునుపటికంటె చెడ్డవానిగా చేయుట న్యాయము పని యగునా? తాను క్రొత్తగా కనుగొన్నానని మురిసిన సమాధానము ఇరువదినాలుగు వందల యేండ్ల క్రిందటనే ఓడిపోయినదని తెలియుట ఈ చదువులో తరచుగా జరుగునదే.

అటుపిమ్మట థ్రసిమేకసు అను వాగ్మి మండిపడుచు వాదములోనికి దుముకును. బలవంతులకు లాభించునదే న్యాయమనియు, ప్రతి రాజ్యమునను పాలకులు తమకు అనుకూలముగా చట్టములు చేసి వానికే న్యాయమని పేరు పెట్టుదురనియు ఆతని మతము. ఈ మాటను నేటికిని రచ్చబండలమీద వినవచ్చును. సోక్రటీసు ఆతని నోరు మూయించును గాని, వినుచున్న గ్లాకను అను యువకునికి తృప్తి కలుగదు. గ్లాకను ప్లేటోకు స్వయముగా సోదరుడు. అతడు ఒక కథ చెప్పును.

లిడియా దేశమున రాజుగారి గొఱ్ఱెల కాపరి యొకడు మంద మేపుచుండగా పెనువాన కురిసి, భూమి కంపించి, నేల నెఱ్ఱె విచ్చెను. కాపరి అందులోనికి దిగి చూడగా కంచుగుఱ్ఱ మొకటియు, దాని కడుపులో మానవదేహమును మించిన శవమును, శవము వ్రేలికి బంగారు ఉంగరమును కనబడెను. ఉంగరమును తీసికొని వాడు పైకి వచ్చెను. పిమ్మట తోడి కాపరుల నడుమ కూర్చుండి, తలవని తలంపుగా ఉంగరపు పొడిని అరచేతివైపునకు త్రిప్పగా వాడెవ్వరికిని కనబడలేదు. వెలుపలికి త్రిప్పగా మరల కనబడెను. ఈ మర్మము తెలిసినంతనే వాడు రాజనగరు చేరి, రాణిని తనవైపునకు త్రిప్పుకొని, రాజును చంపి, రాజ్యమును కాజేసెను.

ఇట్టి ఉంగరములు రెండుండి, ఒకటి న్యాయవంతునికిని, ఒకటి అన్యాయపరునికిని దొరికినచో ఇద్దరును ఒక్క త్రోవనే పోవరా అని గ్లాకను ప్రశ్న. అతడు అంతటితో విడువడు. లోకమంతయు దొంగయని తిట్టి హింసించుచుండగా న్యాయము తప్పనివా డొకడు. లోకమంతయు పెద్దమనిషియని పూజించుచుండగా అన్యాయము చేయువా డొకడు. వీరిలో ఎవడు సుఖి? పేరు ప్రతిష్ఠలను, బహుమానములను, పరలోక ఫలమును ప్రక్కకు పెట్టి, న్యాయము తనంతట తానుగా మేలైనదని చూపుమని అతడు సోక్రటీసును నిలువదీయును. పది భాగముల గ్రంథములో ఈ ప్రశ్న రెండవ భాగమున వచ్చును. తక్కినదంతయు దీనికి సమాధానమే.

ఆ సమాధానము క్లుప్తముగా నిది. మానవుని ఆత్మలో వివేకము, పౌరుషము, కోరిక అను మూడు అంశములు కలవు. పట్టణమున పాలకులు, రక్షకభటులు, వృత్తుల వారు ఉన్నట్లే యిది. ఏది చేయవలసిన పని అది చేసి, వివేకము చెప్పినట్లు తక్కినవి నడచినప్పుడు ఆత్మ ఆరోగ్యముగా నుండును, అదియే న్యాయము. ఉంగరము తొడిగిన కాపరికి రాజ్యము దక్కినది గాని, లోపల కోరికయే రాజై కూర్చున్నది. శరీరము రోగములకు పుట్టయైనవానికి సిరిసంపదలుండి యేమి సుఖమని ప్లేటో అడుగును.

ఇంతవరకు చదివి తల యూచువాడు ఇంకను సగము చదువలేదనవలెను. 1963లో డేవిడ్ సాక్సు అను తత్త్వవేత్త ఒక వ్యాసమున తీవ్రమైన ఆక్షేపణ లేవనెత్తెను. గ్లాకను అడిగినది దొంగతనము చేయకుండుట, మాట తప్పకుండుట మొదలైన సామాన్య న్యాయమును గూర్చి. ప్లేటో చెప్పినది ఆత్మలోని పొందికను గూర్చి. లోపల పొందిక యున్నవాడు దొంగిలింపడని ఎట్లు చెప్పగలము? అడిగిన ప్రశ్న యొకటియు చెప్పిన సమాధాన మొకటియు కాలేదు గదా? దీనికి ప్లేటో పక్షమున సమాధానములు వెలువడినవి. వానికి మరల ఆక్షేపణలు వచ్చినవి. విద్యార్థి యీ వాదములన్నియు చదివి, తన వ్యాసమున తానొక పక్షము వహించి, ఏల వహించెనో చెప్పవలెను.

భాషను గూర్చిన చిక్కులును కలవు. గ్రీకులు ‘అరెతె’ అను మాటను కత్తికి సైతము వాడుదురు. తోటమాలి కత్తి బాగుగా తెగుట దాని అరెతె. గుఱ్ఱము బాగుగా పరుగెత్తుట దాని అరెతె. కావున మనుష్యుని అరెతె యేది అన్నప్పుడు, మనుష్యుడు దేనికొరకు ఏర్పడినాడు అను ప్రశ్న వెంటనే పుట్టును. సద్గుణము అని తెనిగించినచో ఈ దారి మూసికొనిపోవును. ‘దికయోసునె’ అను మాటను న్యాయమనినచో అది కోర్టు వ్యవహారమువలె తోచును. ధర్మమనినచో దగ్గరపడును గాని, మన ధర్మశబ్దమునకున్న వర్ణాశ్రమాది భావములు గ్రీకుమాటకు లేవు. ఒక్క మాటకు అర్థము నిర్ణయించుటకే ట్యుటోరియల్ గంట గడచిపోవుటయు కలదు.

ప్లేటో పిమ్మట అరిస్టాటిల్ రచించిన ‘నికొమేకియన్ ఎథిక్స్’ చదువుదురు. ఇందు కథలు లేవు, నాటకము లేదు. మాట పొదుపు మిక్కిలి హెచ్చు. తన గురువుగారి సిద్ధాంతము నొకదానిని ఖండింపబోవుచు అరిస్టాటిల్, మిత్రులును ప్రియులే, సత్యమును ప్రియమే, కాని సత్యమునకే పెద్దపీట వేయుట ధర్మమని చెప్పుకొనును. ఇరువదియేండ్లు శుశ్రూష చేసిన శిష్యుడు ఆ మాట వ్రాయుటకు ఎంత వెనుకాడి యుండునో ఊహింపవచ్చును. కిథారా వాయించి వాయించి వాద్యకారుడైనట్లే, న్యాయమైన పనులు చేసి చేసి మనుష్యుడు న్యాయవంతుడగునని ఆయన మతము. ధైర్యము పిరికితనమునకును తెగువకును నడుమ నుండును. అయితే ఈ నడుమ యనునది కొలబద్దతో కొలిచి తీయునది కాదు. పది పాళ్ల భోజనము హెచ్చు, రెండు పాళ్లు తక్కువ యైనచో ఆరు పాళ్లు అందరికిని సరిపోవునా? మిలో అను మల్లునికి అది చాలదు, అభ్యాసము మొదలిడినవానికి అదియే హెచ్చు అని ఆయన చెప్పిన దృష్టాంతము.

ఆ గ్రంథారంభముననే ఒక చమత్కారము కలదు. యువకుడు రాజనీతి వినుటకు తగడనియు, వానికి జీవితానుభవము లేదనియు, వాడు ఆవేశములకు లోబడుననియు అరిస్టాటిల్ వ్రాసినాడు. ఆ వాక్యమును ఇరువదియేండ్ల వారిచేతనే చదివించి, దానిపై వారినే అభిప్రాయ మడుగుట ఆక్సుఫర్డు సంప్రదాయము.

ఈ చదువు ఎల్లప్పుడును మేలే చేసినదనుటకు వీలులేదు. అరిస్టాటిల్ తన ‘పాలిటిక్సు’ గ్రంథమున, కొందరు పుట్టుకచేతనే బానిసలనియు, వారిని ఏలుట వారికే మేలనియు వాదించినాడు. 1550, 1551 సంవత్సరములలో స్పెయినుదేశపు వయదొలీద్ నగరమున నొక చర్చ జరిగినది. అమెరికా ఖండపు ఆదిమవాసులను ఆయుధబలముతో లోబరచుకొనుట న్యాయమేనని సెపుల్వెద అను పండితుడు అరిస్టాటిల్ వాక్యమును ఆధారముగా చూపెను. వారి కడగండ్లను కన్నులార చూచివచ్చిన లాస్ కసాసు అను క్రైస్తవాచార్యుడు దానిని ఎదిరించెను. ఏథెన్సున తీరికగా వ్రాసిన యొక వాదము పదునెనిమిది వందల యేండ్ల పిమ్మట సముద్రమునకు ఆవలి ప్రజల మెడమీద కత్తియైనది.

మన దేశమునకును ఈ చదువుతో సంబంధము కలదు. ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగములకు 1855 మొదలు ఇంగ్లండులో పోటీపరీక్ష జరుపసాగిరి. ఆ పరీక్షా ప్రణాళికను తయారుచేసిన సంఘములో బెంజమిన్ జోవెట్ అను ఆక్సుఫర్డు పండితుడు సభ్యుడు. ఆయనయే 1871లో ప్లేటో సంభాషణలను ఇంగ్లీషున ప్రకటించెను. పరీక్షలో గ్రీకునకు 750 మార్కులును, సంస్కృతమునకు 375 మార్కులును ఏర్పరచిరి. ఇట్లు నెగ్గినవారే కలెక్టరులై మన మండలములకును వచ్చిరి. రాజ్యమును జ్ఞానులే పాలింపవలెనను ప్లేటో మాట వారికి నచ్చినది. పాలకులకు సొంత ఆస్తి కూడదని ప్లేటో విధించిన నియమమును మాత్రము జీతముల విషయమున ఎవ్వరును పాటింపలేదు.

పాలకులు ‘రిపబ్లిక్’ను చదివి రాగా, వారిని ఎదిరించిన గాంధీజీ ప్లేటో రచించిన వేరొక గ్రంథమును చేతబట్టుట గమనింపదగినది. న్యాయస్థానమున సోక్రటీసు చెప్పుకొన్న సమాధానమును ఆయన 1908లో దక్షిణాఫ్రికాలో ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో గుజరాతీభాషలో సంగ్రహించెను. సోక్రటీసును ఆయన సత్యవీరుడని పిలిచెను. 1910లో బొంబాయి ప్రభుత్వము ఆ చిన్న పుస్తకమును నిషేధించినది. నిషేధించిన ప్రభుత్వములో గ్రీకు చదివినవారు లేకపోలేదు.

ప్లేటోకు ఇంటిలోనే విమర్శకులు బయలుదేరిరి. నాజీల భయమున ఆస్ట్రియా విడిచి న్యూజిలాండు చేరిన కార్ల్ పాపర్ 1945లో ‘ది ఓపెన్ సొసైటీ అండ్ ఇట్స్ ఎనిమీస్’ అను గ్రంథమును ప్రకటించి, ప్రశ్నింపరాని పాలకులను కోరిన ప్లేటో స్వేచ్ఛకు శత్రువని ఘోషించెను. గురువును ప్రశ్నించినందుకు చంపిన నగరమును ద్వేషించిన శిష్యుడు, తాను కట్టిన పట్టణములో సోక్రటీసువంటివానికి చోటు విడిచెనా? ఇది నేటికిని ట్యుటోరియల్ వ్యాసములకు మంచి విషయము.

స్త్రీల విషయము మరియు విచిత్రమైనది. పాలకులకు తగిన విద్యను పురుషులతోపాటు స్త్రీలకును ఈయవలెనని ప్లేటో ‘రిపబ్లిక్’ అయిదవ భాగమున వాదించినాడు. ఆ గ్రంథమును పూజించిన ఆక్సుఫర్డులో స్త్రీలకు విద్యాగృహములు 1879లో గాని వెలయలేదు. పట్టములు 1920 వరకు ఈయలేదు. 1938లో సోమర్విల్ కళాశాలలో చేరిన ఐరిస్ మర్డాక్, మేరీ మిడ్గ్లీ అను యువతులు యుద్ధము నడుమ 1942లో గ్రేట్సు పరీక్షయందు ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులైరి. వారి స్నేహితురాలగు ఎలిజబెత్ ఆన్స్కూమ్ 1958లో ప్రకటించిన యొక వ్యాసము నీతిశాస్త్రమును మరల అరిస్టాటిల్ వైపునకు త్రిప్పినది. ఏది విధి, ఏది నిషిద్ధము అనుటకు ముందు, మనుష్యునికి ఏ గుణములు మేలు చేయునో విచారింపవలెనను తలంపు అప్పటినుండి బలపడినది.

పూర్వము ఆక్సుఫర్డులో అడుగుపెట్టువారందరికిని గ్రీకు తప్పనిసరిగా రావలసియుండెను. 1920లో ఆ నిబంధనను ఎత్తివేసిరి. పాఠశాలలో గ్రీకు అక్షరము ముట్టనివారును నేడు విశ్వవిద్యాలయముననే ఓనమాలు దిద్ది ఈ గ్రంథములను చదువవచ్చును. తుదిపరీక్షలో ఒక్కొక్క పత్రమునకు మూడు గంటలు. ‘రిపబ్లిక్’ నుండియో ‘ఎథిక్స్’ నుండియో తీసిన కొన్ని పంక్తులు ప్రశ్నపత్రమున నుండును. అవి ఎచ్చటివో, ఏ వాదమున ఏ మెట్టో విద్యార్థి గుర్తింపవలెను. అది వ్రాసిన పిమ్మట, ఆ మెట్టు బరువు మోయగలదో లేదో తన కారణములతో చెప్పుట మిగిలియుండును.